డప్పు, గజ్జెలు, స్టెతస్కోపు: పాలమూరు, నల్గొండల డాక్టర్లు కళాకారులు కలిసి పనిచేస్తే ఏమైతది

హెల్త్ డిపార్ట్‌మెంట్ కళాజాత ఎట్లుంటదో ఊర్లల్ల అందరికీ ఎరుకే. పంచాయితీ ఆఫీసు ముందట ఫ్లెక్సీ కడ్తరు, ఐదారుగురు కళాకారులు డప్పులు గజ్జెలతోని దిగుతరు, డెంగీ మీద ఒక పాట, రక్తం తక్కువుండుడు మీద ఒక పాట, నడుమ ఏఎన్ఎం మేడం వచ్చి ఐదు నిమిషాలు మాట్లాడ్తది, ఆశమ్మలు కరపత్రాలు పంచుతరు, అందరు కలిసి ఫోటో దిగుతరు, ఆ ఫోటో పైఆఫీసు వాట్సాప్ గ్రూపుల పడంగనే ప్రోగ్రాం అయిపోయినట్టు లెక్క. పాటల ఏముండాల్నో పైనుంచే వస్తది. పాట ఇన్నంక ఊరోళ్లు ఏమనుకున్నరో తిరిగి పైకి చేరే దారి మాత్రం ఎక్కడా లేదు.

డాక్టర్లు కళాకారులు కలిసి పనిచెయ్యాలె అంటే మనదగ్గర చానామందికి గుర్తుకొచ్చేది ఇదే. అంటే కళాకారుడు ఒక మైకు అన్నట్టు, డాక్టర్ చెప్పాలనుకున్నదాన్ని కొంచెం రాగం తీసి గట్టిగ వినిపిస్తే చాలు. దీంట్ల తప్పేం లేదు గానీ, కళాకారుని దగ్గరున్న అసలు సరుకుల సగం కూడ వాడుకున్నట్టు కాదు. ఆయన ఊరిమాట వినగలడు, ఎవలు ఎందుకు భయపడుతున్నరో, ఎవలు పైకి ఊఁ కొట్టి ఇంటికిపోయి గోలీలు పారేస్తున్నరో ఆయనకు తెలుస్తది. ఆ తెలిసింది డాక్టర్ దాక పోకపోతే ఎన్ని పాటలు పాడినా ఫోటోలే మిగుల్తయి.

బుర్రకథ కట్టే పద్ధతి ఒక్కసారి చూస్తే ఈ ముచ్చట బాగా సమజైతది. నడుమ కథకుడుంటడు, రెండు పక్కల ఇద్దరు వంతలుంటరు. ఒకాయన రాజకీయం మాట్లాడ్తడు, ఇంకొకాయన హాస్యం చేస్తడు. హాస్యం చేసేటాయన ఊరికే నవ్వించడానికి లేడు, చూసేటోళ్ల కడుపుల ఉన్న డౌటు ఆయన నోట్లకెళ్లి వస్తది. కథకుడు ఏదన్న గొప్పగ చెప్పంగనే "అట్లయితే మరి ఇదెట్ల?" అని అడ్డం పడతడు, కథకుడు దానికి జవాబు చెప్పాలె, చెప్పకపోతే కథ ముందుకు పోదు. ఒగ్గుకథల కూడ ప్రధాన కథకుని పక్కన ఉన్నోళ్లు ఇట్లనే మాట కలుపుతరు, వేషాలు మారుస్తరు, ప్రశ్నలేస్తరు. అంటే మన కథల్ల అనుమానానికి ఒక కుర్చీ ముందే వేసిపెట్టి ఉన్నది. సర్కారు దవాఖాన ఓపీల ఆ కుర్చీ లేదు. లైన్ల వంద మంది ఉంటే డాక్టర్ సారు మాత్రం ఏం చేస్తడు, చీటీ రాస్తడు, నెక్స్ట్ అంటడు. పేషెంటు అడగాలనుకున్నది అడగకుంటనే బయటికొచ్చి మెడికల్ షాపాయన్ని అడుగుతడు.

అందుకే జిల్లా ఆఫీసు రాసిచ్చిన పాటను బుర్రకథ బాణీల పాడించుడు వేరు, హాస్యపు వంత ఏం అడుగుతడో డాక్టర్ ముందుగాల కూర్చొని వినుడు వేరు. రెండోది ఎక్కడన్న జరుగుతుందా అంటే, పద్ధతిగ ఎక్కడా జరగదు.

నల్గొండ ఫ్లోరైడ్ సంగతి తీసుకుంటే ఇది ఇంకా తేటగ కనిపిస్తది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు పక్క భూమిల ఉన్న రాళ్లల్లకెళ్లి ఫ్లోరైడ్ నీళ్లల్ల కరుగుతది. తాగే నీళ్లల్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు అని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తది, అక్కడి బోర్లు దాన్ని ఎన్నోరెట్లు దాటినయి. చిన్నప్పుడు తాగితే నోట్ల పండ్ల మీద పసుపు, గోధుమ మరకలు వస్తయి, ఏండ్లకొద్ది తాగితే బొక్కలు గట్టిపడి వంకరపోతయి, మెడ తిరగదు, నడుము వంగదు. ఒకసారి బొక్క పాడైనంక దాన్ని మళ్లా మంచిగ చేసే మందు లేదు. కాబట్టి డాక్టర్ చెయ్యగలిగింది ఏందంటే ఆ నీళ్లు తాగకుండ్రి, పాలు, ఆకుకూరలు, నిమ్మజాతి పండ్లు తినుండ్రి అని చెప్పుడే. ఊరోళ్ల ప్రశ్న మాత్రం ఒక్కటే, మరి ఏ నీళ్లు తాగాలె?

ఆ ప్రశ్న ఓపీ చీటీల పట్టదు. అది పాటలల్లకొచ్చింది, ధర్నాలల్లకొచ్చింది, 1996 పార్లమెంటు ఎలక్షన్లల్లకొచ్చింది. నీళ్ల గోస దేశానికి వినపడాలని జలసాధన సమితి పిలుపిస్తే ఒక్క నల్గొండ సీటుకే 480 మంది పోటీల నిలబడ్డరు, బ్యాలెట్ పేపర్ కాస్తా బుక్కు లెక్క అచ్చు వెయ్యాల్సొచ్చింది. దాన్ని రాజకీయం అనొచ్చు, కానీ జరిగిన తీరు చూస్తే పెద్ద వీధినాటకమే, ఎన్నికల సంఘాన్నే పాత్రధారిని చేసి ఆడిన నాటకం. డాక్టర్లు, సైంటిస్టులు లెక్కలు తీసి పెట్టకపోతే ఆ నాటకానికి బలం లేకపోవు, నాటకం లేకపోతే ఆ లెక్కలు రిపోర్టుల్లనే పడి ఉండేటియి. పటిక, సున్నం కలిపి నీళ్లల్ల ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌ల ఉన్న నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేస్తే దానికి నల్గొండ టెక్నిక్ అని పేరొచ్చింది, ఆ పేరుతోనే బయటి దేశాల పుస్తకాలల్లకు కూడ ఎక్కింది, అయినా ఇంటింట్ల రోజూ బకెట్ల కలిపి, తేరుకునేదాక ఆగి, అడుగున దిగిన మడ్డిని ఎక్కడ పారబోయాల్నో చూసుకునే ఓపిక కూలికిపోయే ఆడోళ్లకు యాడిది? ఇసొంటి మాట ముందే చెప్పగలిగేది ఆ ఇంట్ల కూర్చొని పాట కట్టినోడే.

తర్వాత మిషన్ భగీరథ వచ్చింది, 2016ల మొదలై కృష్ణా నీళ్లు ఆ ఊర్లకు చేరినయి. మంచిదే. ఇక్కడొక చిక్కు ఉన్నది. నీళ్లు రాంగనే పాట ఆగింది, పాట ఆగంగనే సమస్య తీరిందన్న లెక్కకొచ్చిన్రు. అప్పటికే బొక్కలు వంగినోళ్లకు ఫిజియోథెరపీ, నడిచే సాయం, పింఛన్ ఇవన్ని అట్లనే ఉన్నయి. పోరాటానికి ముఖమైన ఫ్లోరైడ్ బాధితుడు అంశాల స్వామి 2023 జనవరిల చనిపోయిండు. ఆయన ఫోటో పేపర్లల్ల, టీవీలల్ల లెక్కలేనన్నిసార్లు వచ్చింది. ఫోటోగ్రాఫర్ కూడ కళాకారుడే, ఆ ఫోటోలు లేకుంటే ఢిల్లీల ఎవలికీ ఈ రోగం కనపడకపోవు. కానీ వంకరపోయిన కాళ్లనే మళ్లా మళ్లా చూపించుకుంట పోతే ఆ ఊర్లకు పిల్లనియ్యడానికి కూడ వెనుకాడిన్రు, సంబంధాలు తప్పిపోయినయని అక్కడోళ్లు చెప్పుకున్న బాధ కూడ అందరు విన్నదే. డాక్టర్‌కు పేషెంటు వివరాలు బయటపెట్టొద్దన్న కట్టుబాటు ఉన్నది. కళాకారునికి అసొంటిది రాసిపెట్టి లేదు. ఇద్దరు కలిసి పనిచేసేకాడ ఎవల కట్టుబాటు నడవాలె అంటే, డాక్టర్‌దే నడవాలె, దీంట్ల రెండో మాట అక్కర్లేదు.

ఇప్పటిదాక పాట, ఫోటో మాట్లాడుకున్నం. చేతిపని చేసేటోళ్లను కూడ కళాకారుల్లనే లెక్కపెడితే, ఈ దేశంల డాక్టర్ కళాకారుడు కలిసి చేసిన అన్నిట్లకంటే పెద్ద పని జైపూర్ కాలు. జైపూర్‌ల సవాయి మాన్‌సింగ్ దవాఖానల రామచంద్ర శర్మ అనే చేతిపని మాస్టర్ ఉండె, పెద్దగా బడి చదువు లేదు, బొమ్మలు చెక్కుడు, అచ్చులు పోసుడు ఆయన విద్య. డాక్టర్ పి.కె. సేథీ అక్కడే బొక్కల డాక్టర్. అప్పటికి విదేశాల నుంచి వచ్చే కృత్రిమ కాళ్లకు బూటు తొడగాల్సిందే, వాటితోని కింద చక్లముక్లం పెట్టుకొని కూర్చునుడు కాదు, గొంతుకూర్చునుడు కాదు, పొలంల బురదల దిగుడు కాదు. మన రైతు చేసే పనులన్నీ అవే. డాక్టర్‌కు శరీరం తెలుసు, శర్మకు రబ్బరు, కట్టె, అచ్చు తెలుసు, టైర్లకు రబ్బరు వేసేకాడ చూసి అదే పద్ధతిల పాదం పోసిన్రని చెప్తరు. 1960ల చివరికి అది తయారైంది, ఉత్త కాళ్లతోని నడిచినా తట్టుకునే కాలు. సుధా చంద్రన్ ఆ కాలుతోనే మళ్లా స్టేజి ఎక్కి నాట్యం చేసిన సంగతి తెలుగోళ్లకు కొత్తగ చెప్పాల్సిన పని లేదు.

1981ల మెగసెసే అవార్డు వచ్చింది, డాక్టర్ సేథీకి. శర్మ పేరు ఇప్పటికీ చానామందికి తెల్వదు. డాక్టర్‌ది తప్పని చెప్పుడు కాదు గానీ, ఇద్దరు కలిసి చేసిన పనిల పేరు ఎటు పోతదో చూస్తే తర్వాత వచ్చేటోళ్లు కలిసి పనిచెయ్యాల్నా వద్దా అని ఆలోచిస్తరు.

పాలమూరుల దీనికి దగ్గరి పని ఒకటి చేసుకోవచ్చు. చిన్నచింతకుంట మండలం కురుమూర్తి జాతరల ఉద్దాల పండుగ ఉంటది, వడ్డెమాన్‌ల చర్మకారులు ఉపాసముండి స్వామికి చెప్పులు కుడ్తరు, ఆ ఉద్దాలను ఊరేగింపుగ కొండకు తీసుకపోతరు. అంటే చెప్పులు కుట్టుడు ఇక్కడ ఉత్త పని కాదు, దేవుని ముందట నిలబడే విద్య. ఇంకోదిక్కు షుగర్ పేషెంట్లు ఊరూరికీ పెరుగుతున్నరు, షుగర్ ముదిరితే పాదాలకు స్పర్శ పోతది, ముల్లు గుచ్చుకున్నా తెల్వదు, చెప్పు ఒరుసుకొని పుండైనా తెల్వదు, తెలిసేసరికి వేలు తియ్యాలె అంటరు. కుష్ఠువ్యాధి వచ్చినోళ్లకు మెత్తటి రబ్బరు అట్టతోని చేసిన ఎంసీఆర్ చెప్పులు సర్కారు ఎన్నో ఏండ్లసంది ఇస్తున్నది, స్పర్శ పోయిన షుగర్ కాళ్లకు కూడ అసొంటి చెప్పే కావాలె. కానీ ఒక్కొక్కరి పాదం ఒక్కో తీరుగుంటది, పుండు ఎక్కడైతే అక్కడ బరువు పడకుండ అట్ట మలవాలె, మెషిన్ల వచ్చిన సైజు చెప్పు పనికిరాదు. కొలత తీసి కుట్టే విద్య ఉన్నోళ్లు పక్క ఊర్లనే ఉన్నరు, ఎక్కడ బరువు పడొద్దో చెప్పగలిగే డాక్టర్లు మహబూబ్‌నగర్ జనరల్ దవాఖానల ఉన్నరు. ఇద్దరిని ఒకరోజు ఒక్క టేబుల్ కాడ కూర్చోబెడితే అయ్యే పని ఇది. కోట్ల రూపాయల బిల్డింగు అక్కర్లేదు.

డాక్టర్‌కు కళాకారుని నుంచి అందేది ఇంకోటి కూడ ఉన్నది, చూపు. అమెరికాల యేల్ యూనివర్సిటీ మెడికల్ స్టూడెంట్లను బొమ్మల మ్యూజియంకు తీసుకపోయి ఒక్కో పెయింటింగ్ ముందట నిలబెట్టి, ఏం కనపడుతుందో చెప్పుమన్నరు, అర్థం చెప్పొద్దు, కనపడ్డదే చెప్పాలె. తర్వాత పేషెంట్ల ఫోటోలు చూపిస్తే ఈ పిల్లలు మిగతావాళ్లకంటే ఎక్కువ వివరాలు పట్టుకున్నరని 2001ల మెడికల్ జర్నల్‌ల అచ్చయింది. దీన్ని నడిపించింది ఒక చర్మరోగాల డాక్టర్, ఒక మ్యూజియం ఉద్యోగి. మనదగ్గర 2019 సంది ఎంబీబీఎస్‌ల ఎట్‌కామ్ అని మాట, మర్యాద, నీతి నేర్పే క్లాసులు పెట్టిన్రు. మంచి ఆలోచనే, కానీ పేషెంటుతోని ఎట్ల మాట్లాడాల్నో స్లైడ్లు పెట్టి చెప్తే వచ్చే విద్య కాదది. నాటకం వేసేటోళ్లు పేషెంటు వేషం కట్టి పిల్లలతోని మాట్లాడించి, ఎక్కడ మాట గుచ్చుకున్నదో చెప్తే వస్తది. నల్గొండల, సూర్యాపేటల, పాలమూరుల నాటక సమాజాలోళ్లకు ఈ పని చేతనైతది, అడిగినోళ్లు ఉంటే.

గోడల గురించి కూడ ఒక ముక్క. మన పీహెచ్‌సీ గోడల మీద బొమ్మలంటే టీకాల పట్టిక, చేతులు కడుక్కునే పిల్లగాడు, గుట్కా మీద పుర్రె. 1984ల రోజర్ ఉల్రిచ్ అనేటాయన ఒక చిన్న స్టడీ అచ్చేసిండు. పెన్సిల్వేనియాల పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మందిని చూస్తే, కిటికీలకెళ్లి చెట్లు కనపడ్డోళ్లు ఇటుక గోడ కనపడ్డోళ్లకంటే జెర్ర ముందుగాల డిశ్చార్జ్ అయిన్రు, గట్టి నొప్పి మందులు కూడ తక్కువ వాడిన్రు. చిన్న స్టడీనే, దాన్ని పట్టుకొని గోడకు చెట్టు గీస్తే రోగం పోతదనుడు పిచ్చితనం. కానీ కాన్పు వార్డుల పండుకున్న ఆడామె పొద్దంతా పుర్రె బొమ్మనే చూడాల్నా అని అడగడానికి స్టడీ కూడ అక్కర్లేదు. గద్వాల, నారాయణపేట చీరల కొంగు డిజైన్లు వేసే చేతులు ఇక్కడే ఉన్నయి.

ఇంత మాట్లాడినంక నిజంగ రుజువు ఎంత అని అడగాలె. 2019ల డబ్ల్యూహెచ్‌ఓ యూరప్ ఆఫీసు ఒక పెద్ద రిపోర్టు తీసింది, 3000కు పైగా స్టడీలు చూసి, రోగం రాకుండ చూసుకునుడుల, వచ్చినంక ఓర్చుకునుడుల కళలకు పాత్ర ఉన్నదని చెప్పింది. అయితే ఆ స్టడీలన్ని ఒక్క తీరువి కావు, కొన్ని గట్టివి, కొన్ని చానా చిన్నవి, ఎక్కువ భాగం డబ్బున్న దేశాలల్ల చేసినవి. దవాఖానల ఇన్సులిన్ లేని రోజు సంగీతం పెట్టి ఏం లాభం. అసలు ప్రమాదం ఎక్కడంటే, మందులకు, స్టాఫ్‌కు పైసలు లేనప్పుడు కళాజాత చవుకగ దొరుకుతది, పనిచేసినట్టు కూడ కనపడ్తది.

టీబీ సంగతి చూడండి. కోర్సు మామూలుగ ఆరు నెలలు, రెండు నెలలకే దగ్గు తగ్గి పానం తేలికపడ్తది, అప్పుడే మందు బంద్ చేస్తరు. దాని మీద పాట రాయుమంటే ఎవలైనా "మధ్యల ఆపొద్దు" అనే రాస్తరు. పాలమూరు పాటగాన్ని కూర్చోబెట్టి అడిగితే ఆయన మందు ముచ్చట కంటే ముందు కూలోళ్లను వలస తీసుకపోయే గుంపు మేస్త్రి ముచ్చట తీస్తడు. వానాకాలం పంట అయిపోంగనే మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకున్నోడు బొంబాయికో, పుణెకో పోవాల్సిందే, దగ్గున్నా పోవాల్సిందే, రోగమని తెలిస్తే గుంపులకెళ్లి తీసేస్తరని దాచిపెడ్తడు. అంటే పాట వినాల్సింది పేషెంటు ఒక్కడే కాదు, మేస్త్రి కూడ. చెప్పాల్సిన మాట కూడ మారుతది, టీబీ పేషెంటుగ రాయించుకున్నప్పుడు ఇచ్చిన నీ నిక్షయ్ నంబర్ జేబుల పెట్టుకొని పో, ఆడ సర్కారు దవాఖానల చూపిస్తే అదే మందు ఇస్తరు, పోషణకు నెలకు ఇచ్చే పైసలు 2024 నవంబర్ సంది 500 నుంచి 1000 అయినయి, అవి నీ బ్యాంకులనే పడతయి అని. ఇంకోటి, పాట ఎప్పుడు పాడాలె అన్నది. వలసపోయినోళ్లు ఊర్లె లేని నెలల కళాజాత పెడితే ముసలోళ్లు, పిల్లలే వింటరు. దీపావళి దాటినంక కురుమూర్తి జాతరకు ఎక్కడున్నా వస్తరు. నల్గొండ దిక్కైతే చెర్వుగట్టు, సూర్యాపేట దిక్కైతే రెండేండ్లకోసారి పెద్దగట్టు. ఈ క్యాలెండర్ జిల్లా టీబీ ఆఫీసుల ఉండకపోవచ్చు, పాటగాళ్లకు మాత్రం నోటికొస్తది, వాళ్ల బతుకుదెరువే ఆ జాతరలు.

దేవరకొండ తండాలల్ల ఇంకో తీరు. లంబాడీ మాట గోర్ బోలీకి సొంత లిపి లేదు, తెలుగు కరపత్రం ముసలవ్వకు పంచితే ఆమె దాంట్ల మిరపకాయలు కడ్తది. అక్కడ గోర్ బోలీల పాడే ఆడోళ్ల దగ్గరికి నర్సమ్మ పోవాలె, పాట తీసుకొని కాదు, ముచ్చట తీసుకొని.

సర్కారు కళాకారులను అసలు పట్టించుకోలేదనుడు కూడ సరికాదు. తెలంగాణ వచ్చినంక స్కీంల మీద పాడేతందుకు సాంస్కృతిక సారథి పెట్టి దాదాపు 550 మందికి జీతాలిచ్చిన్రు, ఉద్యమంల పాడినోళ్లకు నెలనెలా కూడు దొరికింది, అది చిన్న విషయం కాదు. నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర మొగిలయ్యకు 2022ల, నారాయణపేట జిల్లా బుర్రవీణ కొండప్పకు 2024ల పద్మశ్రీలు వచ్చినయి. అయితే నిన్న స్కీం గురించి పాడిన నోరే ఇయ్యాల టీకా గురించి పాడితే, వినేటోడు రెండిటినీ ఒక్క సంచిల వేస్తడు. ఈ పాఠం పాతదే. కేంద్రంల సాంగ్ అండ్ డ్రామా డివిజన్ అనే ప్రచార విభాగాన్ని 1954లనే పెట్టిన్రు, కుటుంబ నియంత్రణ మీద ఎన్నో బుర్రకథలు చెప్పిచ్చిన్రు, 1975 నుంచి 77 దాక ఎమర్జెన్సీల ఆపరేషన్లకు టార్గెట్లు పెట్టినంక కథ చెప్పేటోడు కూడ టార్గెట్ కోసమే వచ్చిండని జనం అనుకుంటే వాళ్లను ఏమనగలం. కళాకారుని మీద ఊరికి ఉన్న నమ్మకం ఆయన సొంత ఆస్తి, దాన్ని డిపార్ట్‌మెంట్ అప్పు తీసుకుంటున్నది, కాబట్టి ఈ మాట నేను పాడను అనే హక్కు కళాకారునికి ఉండాలె.

ఇప్పుడు ఈ ప్రాంతంల ఒక సందు దొరికింది. మహబూబ్‌నగర్‌ల 2016ల, నల్గొండ సూర్యాపేటలల్ల 2019ల, నాగర్‌కర్నూల్ వనపర్తిలల్ల 2022ల సర్కారు మెడికల్ కాలేజీలు తెరిచిన్రు, తర్వాత గద్వాల, నారాయణపేటలల్ల కూడ వచ్చినయి. నేషనల్ మెడికల్ కమిషన్ రూల్ ప్రకారం ఎంబీబీఎస్ పిల్లలు మొదటి ఏడాది సందే ఊర్లల్ల కొన్ని కుటుంబాలను దత్తత తీసుకొని కొన్నేండ్లదాక వాళ్ల ఆరోగ్యం చూస్తుండాలె. తెల్లకోట్లు వేసుకొని బస్సు దిగిన పద్దెనిమిదేండ్ల పిల్లలను చూసి ఊరోళ్లు నీళ్లిస్తరు, కుర్చీ వేస్తరు, బీపీ చూపించుకుంటరు, అసలు ముచ్చట మాత్రం చెప్పరు. మొదటిసారి పోయినప్పుడే ఆ ఊరి ఒగ్గు కళాకారుడో, కోలాటం నేర్పే అక్కనో వెంట ఉంటే, ఏ ఇంట్ల ఏం అడగొచ్చో, ఏది మూడోసారి పోయినంకనే అడగాల్నో వాళ్లు చెప్తరు. పాట గీట అప్పుడే వద్దు, ఒక ఏడాది తిరిగినంక ఏం పాడాల్నో వాళ్లకే తెలుస్తది.

దీనికి అడ్డం పడేది మనుషుల మనసులు కాదు, బిల్లు. మామూలుగ ప్రచారం పైసలు ప్రదర్శనకు ఇంత అని కట్టిస్తరు, డప్పు కొట్టిన ఫోటో ఉంటేనే బిల్లు పాసైతది. కళాకారుడు పిల్లలతోని తిరిగి, నాలుగిండ్లల్ల కూర్చొని, విన్నది సాయంత్రం డాక్టర్‌కు చెప్పిన రోజుకు ఏ గడిల కూలి రాయాల్నో ఆ ఫారంల లేదు. ఆ గడి పెట్టేదాక కడుపు కాలినోడు డప్పే కొడ్తడు, డాక్టర్‌కు ఊరు సంగతి ఎప్పటిలెక్కనే మెడికల్ షాపాయన ద్వారానే తెలుస్తది.